మూగప్రాణికి పథ్యము

అనంతపురము సీమ ఎఱ్ఱనేలల పీఠభూమి. నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము తగ్గిపోవును. అందుచేత ఇచ్చట ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. అదియును అదను తప్పి కురియుట కద్దు. ఇట్టి నేలపై రైతులు వేరుశెనగను నమ్ముకొని బ్రదుకుచున్నారు. కళ్యాణదుర్గము, రాయదుర్గము ప్రాంతములందు గొఱ్ఱెల మందలు పలు కుటుంబములకు జీవనాధారము. మంద వెంట కాపరి, కాపరి వెంట కుక్క నడుచును. రాత్రియంతయు దొడ్డి చుట్టు తిరిగి, తోడేలు అడుగుల చప్పుడు విన్నంతనే మొఱిగి యజమానిని మేలుకొలుపు ఆ జంతువునకు పూటకొక సంగటి ముద్దయే జీతము. ఆ ముద్ద విషయమున మానవుడు ఎంత శ్రద్ధ వహింపవలెనో ఈ పాఠము తెలుపును.

అట్టి పల్లెలో ఒక రైతు ఇంటిని ఊహించుకొనవచ్చును. ఆ యింట ఒక ముసలి అవ్వ, ఆమె కొడుకు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు కలరు. వాకిట వేపచెట్టు క్రింద తొమ్మిదేండ్ల ఆడకుక్క యొకటి పడుకొని యుండును. అవ్వకు ఆ కుక్కపై ఎనలేని మక్కువ. తాను తినుచున్న బెల్లపు ముక్కలో సగము దానికి పెట్టనిదే ఆమెకు తృప్తి కలుగదు. పండుగనాడు ఓళిగలు కాల్చినచో మొదటి ఓళిగ దేవునికి, రెండవది కుక్కకు.

ఒక యేడు వేసవిలో ఆ కుక్క విపరీతముగా నీళ్లు త్రాగసాగెను. తొట్టిలో పోసిన నీరు గంటలో ఖాళీ యగుచుండెను. ఊరికి ట్యాంకరుతో నీరు తెచ్చు దినములవి. బిందె బిందెకు వంతులు. “ఎండ దెబ్బ తగిలినది కాబోలు” అని రైతు అనుకొనెను. రాత్రివేళ అది పలుమారులు లేచి మూత్రము పోయుచుండెను. పెట్టినదంతయు తినుచుండెను, ఇంకను కావలెనని గిన్నె నాకుచుండెను. అయినను దాని డొక్కలు లోపలికి పోయి, వెన్నెముక బయటపడెను. “బిడ్డ చిక్కిపోవుచున్నది” అని అవ్వ వగచి, బెల్లము కలిపిన అన్నము రెండింతలు చేసి పెట్టసాగెను. మఱి కొన్నాళ్లకు ఆ తిండియును మానినది. వాంతులు చేసికొనెను. కనుగ్రుడ్లలోని తెలుపు పసుపు వన్నెకు తిరిగినట్లు మనుమరాలు మొదట గమనించెను. మఱునాడే తండ్రి కుక్కను పట్టణములోని పశువైద్యశాలకు తీసికొనిపోయెను. అవ్వయు, మనుమరాలును వెంట వెళ్లిరి.

వైద్యుడు దాని రక్తమును, మూత్రమును పరీక్షించెను. ఆరోగ్యముగా నున్న కుక్కకు పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో 80 మొదలు 120 మిల్లీగ్రాముల వఱకు గ్లూకోజు ఉండును. ఈ కుక్క రక్తములో అది 430 మిల్లీగ్రాములుండెను. మూత్రములోను చక్కెర కనబడెను. కాలేయపు పరీక్షలును చెడిపోయిన ఫలితములనే చూపెను.

“అవ్వా! దీనికి మధుమేహము కలిగినది. కాలేయమును చెడినది. ఒక రోగమునకు రెండవ రోగము తోడైనది” అని వైద్యుడు చెప్పెను.

“మనుష్యులకు వచ్చు చక్కెర జబ్బు కుక్కకు వచ్చుట యేమి, నాయనా?” అని అవ్వ ఆశ్చర్యపడెను.

“మనకు వచ్చు రోగములు పెక్కు వానికిని వచ్చును. ఇంటికిపోయిన పిమ్మట నీవు పెట్టెడి తిండియే దీనికి సగము వైద్యము” అని అతడు బదులు చెప్పెను.

మధుమేహమనగా నేమి? కడుపులో ఆహారము జీర్ణమైనపుడు అందలి పిండిపదార్థము గ్లూకోజుగా మారి రక్తములో చేరును. శరీరములోని కణములకు అదియే ఇంధనము. అయితే అది కణములలోనికి ప్రవేశించుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. పొట్టలో క్లోమము అను గ్రంథి ఆ రసమును తయారుచేయును. కుక్కలకు కలుగు మధుమేహమున సాధారణముగా క్లోమము ఇన్సులిన్ ఉత్పత్తిని దాదాపు మానివేయును. అప్పుడు శరీరము, గాదె నిండ ధాన్యముండియు తాళపుచెవి పోగొట్టుకొన్న యింటివలె నగును. రక్తము నిండ చక్కెర యుండును, కణములు పస్తుండును. కుక్క యెంత తినినను చిక్కిపోవుటకు కారణమిదియే. రక్తములో చక్కెర సుమారు 200 మిల్లీగ్రాములు దాటినపుడు మూత్రపిండములు దానిని నిలుపలేక బయటికి విడుచును. చక్కెర తనతో నీటిని లాగుకొనిపోవును. అందుచేత మూత్రము అధికమగును, దాహము పెరుగును. నడివయస్సు దాటిన కుక్కలకు, అందును గర్భాశయము తొలగింపని ఆడకుక్కలకు ఈ రోగము ఎక్కువగా వచ్చుచుండును.

ఇక కాలేయము శరీరమునకు వంటశాల వంటిది, గిడ్డంగి వంటిది కూడ. భోజనానంతరము మిగిలిన గ్లూకోజును అది దాచియుంచి, ఆకలివేళ కొంచెము కొంచెముగా విడుదల చేయును. మాంసకృత్తులు విఱిగినపుడు పుట్టు అమ్మోనియా అను విషపదార్థమును యూరియాగా మార్చి, మూత్రముతో పోవుటకు వీలు కల్పించును. పైత్యరసమును, రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములను తయారుచేయును. కాలేయము చెడినచో కన్నులు పచ్చబడును, ఆకలి నశించును, కొన్ని కుక్కలకు పొట్టలో నీరు చేరును. అమ్మోనియా మెదడునకు ఎక్కినచో కుక్క దిక్కుతోచక గుండ్రముగా తిరుగును, గోడకు తల ఆనించి నిలబడిపోవును.

ఈ రెండు రోగములకును సంబంధము లేకపోలేదు. ఇన్సులిన్ లేనపుడు శరీరములోని క్రొవ్వు కరగి కాలేయమునకు ప్రవహించి అచ్చట పేరుకొనును. కాబట్టి మధుమేహము కాలేయమును కూడ బాధించును. రెండు రోగములును ఒకే ప్రాణిని పట్టినపుడు పథ్యము కష్టమగును. మధుమేహము గల కుక్కకు ఇన్సులిన్ ఇచ్చు వేళలను బట్టి, రోజునకు రెండు మాఱులు, ఒకే పరిమాణమున ఆహారము పెట్టవలెనని నియమము. కాలేయము చెడిన కుక్కకు చక్కెరను దాచు శక్తి తగ్గును గనుక కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెనని నియమము. పైగా మధుమేహపు కుక్క ఆకలితో అలమటించును, కాలేయరోగపు కుక్క తిండి చూచి ముఖము త్రిప్పుకొనును. తిండి తిననిచో ఇన్సులిన్ ఇచ్చుట ప్రమాదము, ఇన్సులిన్ ఇవ్వనిచో తిన్న తిండి ఒంటబట్టదు.

ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. శాస్త్రజ్ఞులు దీనిని దాదాపు నూఱేండ్ల క్రిందటనే ఎదుర్కొనిరి. ఆ కథలోని ముఖ్య పాత్రలు కుక్కలే.

1889వ సంవత్సరమున జర్మనీ ఏలుబడిలో నుండిన స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను ఇద్దఱు వైద్యులు ఒక కుక్క క్లోమమును తొలగించిరి. ఆ కుక్కకు విపరీతమైన దాహము పట్టుకొనెను, మూత్రములో చక్కెర కనబడెను. మధుమేహమునకు మూలము క్లోమమున ఉన్నదని దానివలన తెలిసెను. పిమ్మట 1921లో కెనడా దేశపు టొరొంటో విశ్వవిద్యాలయమున, మెక్లియాడ్ అను ఆచార్యుని ప్రయోగశాలలో, బాంటింగ్ అను యువ వైద్యుడును, ఇరువదిరెండేండ్ల బెస్టు అను విద్యార్థియు కుక్కల క్లోమమునుండి ఒక రసమును తీసి, మధుమేహముతో చావునకు సిద్ధముగా నున్న కుక్కలకు ఎక్కించిరి. వాని రక్తములో చక్కెర తగ్గెను. మార్జొరీ అను కుక్క ఆ రసముతో సుమారు 70 దినములు జీవించెను. ఆ రసమే ఇన్సులిన్. 1922 జనవరిలో దానిని మొదటిసారి ఒక మధుమేహ బాలునికి ఎక్కించిరి. ఆనాటినుండి ఎందఱు బాలబాలికలు మృత్యుముఖమునుండి బయటపడిరో లెక్కింప వశము కాదు. 1923లో బాంటింగ్, మెక్లియాడ్‌లకు నోబెల్ బహుమానము లభించెను.

కాని కథ అంతటితో ముగియలేదు. క్లోమము తీసివేసిన కుక్కలను ఇన్సులిన్‌తో ఎంతకాలమైనను బ్రదికింపవచ్చునని మెక్లియాడ్ ప్రయోగశాలలోని వారు తలచిరి. వానికి క్రొవ్వు లేని మాంసమును, చక్కెరను ఆహారముగా పెట్టి, తప్పక ఇన్సులిన్ ఇచ్చుచుండిరి. కొన్ని మాసములు గడచునప్పటికి ఆ కుక్కలు జబ్బుపడి చనిపోవసాగెను. కోసి చూడగా కాలేయము క్రొవ్వుతో నిండి, ఉబ్బి, పసుపు వన్నెకు తిరిగి యుండెను. మధుమేహము అదుపులో నున్నది, కాలేయము చెడినది. ఆహారములో పచ్చి క్లోమమును కొంచెము చేర్చి చూచిరి. కుక్కలు కోలుకొనెను. ఆ పిమ్మట గ్రుడ్డులోని పచ్చసొనయందు సమృద్ధిగా నుండు లెసితిన్ అను పదార్థము పెట్టినను అదే మేలు కలుగునని కనుగొనిరి. లెసితిన్‌లోని కోలిన్ అను అంశమే కాలేయమున క్రొవ్వు పేరుకొనకుండ కాపాడుచున్నదని 1932లో బెస్టును, అతని సహచరులును తేల్చి చెప్పిరి. ఒక రోగమునకు మందు దొరకినంత మాత్రమున ప్రాణము నిలువదు, పళ్లెములోని ఆహారము కూడ సరిగా నుండవలెనని ఆ కుక్కల మరణము శాస్త్రలోకమునకు నేర్పెను.

మఱల మన పల్లెలోని కుక్క చెంతకు వత్తము. వైద్యుడు పైనియమములను రెంటిని కలిపి ఒక దినచర్య వ్రాసియిచ్చెను. ఉదయము 6 గంటలకు, సాయంత్రము 6 గంటలకు పెద్ద భోజనములు రెండు. మధ్యాహ్నమున, రాత్రి నిద్రకు ముందు చిన్న భోజనములు రెండు. కుక్క భోజనము చేసిన పిమ్మటనే ఉదయము, సాయంత్రము ఇన్సులిన్ సూది. “ముందు ముద్ద, తరువాత సూది. ఈ వరుస తప్పరాదు. తిననినాడు సూది వేయక, వెంటనే నాకు కబురు చేయుడు” అని అతడు గట్టిగా చెప్పెను. పది కిలోగ్రాముల కుక్కకు విశ్రాంతిగా నున్నప్పుడే రోజునకు సుమారు 400 కేలరీల శక్తి అవసరము. తిరుగు కుక్కకు ఇంకను ఎక్కువ కావలెను. ఆ మొత్తమును లెక్కించి, పూటపూటకు ఒకే గిన్నెతో కొలిచి పెట్టవలెను. నేడు రెండు గిన్నెలు, రేపు అర గిన్నె పెట్టినచో ఇన్సులిన్ కొలత తప్పిపోవును.

గిన్నెలో నేమి యుండవలెను? తెల్లని వరి అన్నము త్వరగా జీర్ణమై రక్తములో చక్కెరను ఒక్కసారిగా పెంచును. జొన్నలు, పప్పుధాన్యములు మెల్లగా జీర్ణమగును. బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞులు 2008లో కుక్కలకు వరి, మొక్కజొన్న, జొన్న, బఠానీ మున్నగు వానితో చేసిన ఆహారములను వేర్వేరుగా పెట్టి రక్తమును పరీక్షింపగా, జొన్న, పప్పుధాన్యములు తిన్న కుక్కలలో చక్కెర నెమ్మదిగా పెరిగెనని తేలెను. వాన చాలని ఈ సీమలో పూర్వులు పండించి తినిన జొన్న సంగటి ఈ రోగమున ఇట్లు అక్కఱకు వచ్చును. దానిని మెత్తగా ఉడికించి, బీరకాయ, సొరకాయ, చిక్కుడు వంటి కూరగాయలను ఉప్పు, కారము లేక ఉడికించి కలుపవచ్చును. వానిలోని పీచు చక్కెర వేగమును తగ్గించును. మలబద్ధకమును తొలగించి, ప్రేగులలో అమ్మోనియా నిలువకుండ చేయును.

కాలేయరోగమునకు మాంసకృత్తులు కూడదని పూర్వము పలువురు తలచెడివారు. నేటి వైద్యుల మతము వేఱు. చెడిన కాలేయము తనను తాను బాగుచేసికొనుటకు మంచి మాంసకృత్తులు కావలెను. అమ్మోనియా మెదడునకు ఎక్కిన చిహ్నములు కనబడినపుడు మాత్రమే వానిని తగ్గింపవలెను. అప్పుడును పూర్తిగా మానరాదు. ఉడికించిన గ్రుడ్డు, వెన్న తీసిన పెరుగు, పెసరపప్పు ఇందుకు శ్రేష్ఠములు. మాంసముకంటె పాలవలన, పప్పులవలన లభించు మాంసకృత్తులు అమ్మోనియా బాధను తక్కువగా కలిగించును. గ్రుడ్డులోని పచ్చసొనలో టొరొంటో కుక్కలను కాపాడిన కోలిన్ కూడ ఉన్నది. “కాలేయమునకు కాలేయమే మందు” అని మేక కాలేయము తెచ్చి పెట్టుట తగదు. దానిలో రాగి అను లోహము అధికము. కొన్ని కుక్కల కాలేయమునకు రాగి విషమువలె పనిచేయును. నూనెయు, నెయ్యియు మితముగా నుండవలెను, ఏలయన అధికమైన క్రొవ్వు క్లోమమునకు వాపు తెప్పింపవచ్చును. పొట్టలో నీరు చేరిన కుక్కకు ఉప్పు పూర్తిగా నిషిద్ధము. ఇంటి వంటలో సున్నము, యశదము, కొన్ని విటమినులు చాలవు. వానిని వైద్యుడు పొడుల రూపమున వేఱుగా ఇచ్చెను. ఏ కుక్కకు ఎంత అన్నది దాని బరువును, పరీక్షా ఫలితములను చూచి వైద్యుడే నిర్ణయింపవలెను.

నీటి విషయమున మనుమరాలు ఒక మంచి ప్రశ్న వేసెను. “అయ్యా! నీళ్లు తక్కువ పోసినచో మూత్రము తగ్గదా?” అని అడిగెను. “పాపా! ఆ పని ఎన్నడును చేయకుము. చక్కెర ముందుగా నీటిని బయటికి పంపుచున్నది, ఆ లోటు తీర్చుకొనుటకు అది త్రాగుచున్నది. నీరు ఆపినచో ప్రాణము పోవును” అని వైద్యుడు చెప్పెను. ఆనాటినుండి కరవు దినములలోను ఆ యింట ట్యాంకరు నీటిలో ఒక బిందె కుక్క వంతుగా నిలిచెను. ఇన్సులిన్‌ను ఎండకు తగులనీయరాదు, గడ్డకట్టనీయరాదు. ఆ యింట శీతలపేటిక లేదు. కనుక పొరుగువారి పేటికలో దానిని ఉంచుకొనిరి. విద్యుత్తు లేని వేళలందు తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, సీసాకు తడి తగులకుండ భద్రపఱచిరి.

వైద్యుడు ఇంకొక ప్రశ్న వేసెను. “కుక్కకు వేరుశెనగ పెట్టుచున్నారా?”

రైతు ఒక క్షణమాగి, అమ్మకమునకు పనికిరాని ముక్కకాయలను, బూజు పట్టిన గింజలను వేఱుచేసి, వానిని నూఱి సంగటిలో కలిపి పెట్టుట తమ యింట వాడుకయని చెప్పెను. పారవేయుట యెందులకు, మూగజీవి తినునుగదా అని వారు భావించిరి.

ఇక్కడనే ఒక పెద్ద అపాయము దాగియున్నది. పంట చివరి దశలో వాన ముఖము చాటువేసినపుడు నేలలోని కాయలు నీరసించి, వానికి ఒకవిధమైన బూజు పట్టును. కోసిన పిమ్మట తడిసి, సరిగా ఆఱని కాయలకును అది వ్యాపించును. ఆ బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు హఠాత్తుగా చనిపోగా, కారణము వెదకినవారు వాని మేతలోని వేరుశెనగ చెక్కలో ఈ విషమును కనుగొనిరి. ఇది నేరుగా కాలేయమును దెబ్బతీయును. కుక్కలు దీనికి త్వరగా లోబడును. ఉడికించినను, వేయించినను ఈ విషము పూర్తిగా నశింపదు.

మన దేశమునను ఇట్టి విపత్తు సంభవించినది. 1974 చివర రాజస్థాన్, గుజరాత్ ప్రాంతముల పల్లెలలో అకాల వర్షములకు తడిసిన మొక్కజొన్న బూజుపట్టెను. పేదలకు వేఱు తిండి లేక దానినే తినిరి. పచ్చకామెర్లు, పొట్టలో నీరు చేరుట మున్నగు లక్షణములతో పెక్కు గ్రామములలో వ్యాధి వ్యాపించెను. 397 మంది వ్యాధిగ్రస్తులలో 106 మంది మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, మొక్కజొన్నలోని అఫ్లటాక్సిన్ దీనికి కారణమని నిరూపించిరి. ఆ యిండ్లలోని కుక్కలకును అదే వ్యాధి సోకెను. యజమాని తినిన రొట్టెలో మిగిలిన తునుకయే వాని ఆహారము. ఒకే కంచపు తిండి తినువారికి మేలు గాని, కీడు గాని ఒకటే యగునని ఆ దుర్ఘటన చాటినది.

“మనిషికి పనికిరానిది కుక్కకును పనికిరాదు” అని వైద్యుడు ముగించెను. రైతు తలవంచుకొనెను. ఆ కుక్క కాలేయము చెడుటకు మధుమేహము ఎంత కారణమో, బూజుగింజలు ఎంత కారణమో వేఱుచేసి చెప్పుట కష్టము. కాని ఆ సాయంత్రమే అతడు బూజుగింజల గోనెను ఊరి వెలుపల గుంట త్రవ్వి పూడ్చెను.

కుక్కలకు నిషిద్ధములైనవి ఇంకను కొన్ని కలవు. బెల్లము, తేనె, మిఠాయిలు మధుమేహమునకు శత్రువులు. ఉల్లిపాయ రక్తకణములను చెఱచును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష మూత్రపిండములకు హాని చేయును. చక్కెరకు బదులు కొన్ని మిఠాయిలలో వాడు జైలిటాల్ అను తీపి పదార్థము మనుష్యులను బాధింపదు గాని, కుక్క రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా పడగొట్టి, కాలేయమును నాశనము చేయును. కనుక “చక్కెర లేనిది” అని వ్రాసియున్న మిఠాయి కుక్కకు మేలైనదని భ్రమపడరాదు. జ్వరమునకు మనము వాడు పారాసిటమాల్ బిళ్లలను సైతము వైద్యుని అనుమతి లేక ఇవ్వరాదు.

ఒక్క సమయమున మాత్రము తీపియే ప్రాణదాత. ఇన్సులిన్ ఎక్కువై గాని, తిన్న తిండి వాంతియై గాని రక్తములో చక్కెర మిక్కిలి తగ్గినచో కుక్క తూలును, వణకును, మూర్ఛపోవును. కాలేయమున నిలువలు తక్కువ గనుక ఇట్టి కుక్కకు ఈ ఆపద ఇతర కుక్కలకంటె త్వరగా కలుగును. అట్టి వేళ గ్లూకోజు నీటినో, తేనెనో చిగుళ్లపై రుద్ది, వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. తెలివి లేని కుక్క నోటిలో నీరు పోయరాదు.

కుక్క ఎంత తినెనో, ఎంత నీరు త్రాగెనో, ఏ వేళకు సూది వేసిరో మనుమరాలు ప్రతిదినమును ఒక నోటుపుస్తకములో వ్రాయసాగెను. వారమునకొకసారి తండ్రి కుక్కను ఎత్తి, వేరుశెనగ మూటలు తూచు కాటాపై నిలిపి బరువు చూచుచుండెను. మొదటి పక్షమున బరువు పెరుగలేదు. మూడవ వారమున దాహము తగ్గెను. రెండు మాసములకు డొక్కలు నిండసాగెను, కన్నుల పసుపు విడిచెను. రోగము మాత్రము పోలేదు. సూది జీవితాంతము కావలసినదే. మధుమేహము గల పెక్కు కుక్కలకు కలుగునట్లే దాని కన్నులకు శుక్లములు ఏర్పడి చూపు మందగించెను. అయినను వాసనను, చప్పుడును బట్టి అది తన కాపలా తాను కాయుచునే యుండెను.

ఉగాది వచ్చెను. ఇల్లంతయు ఓళిగల వాసన. కుక్క గడపచెంతకు వచ్చి, మసక కన్నులతో అవ్వ వైపు ముఖమెత్తి తోక ఆడించెను. అవ్వ చేయి అలవాటుగా పళ్లెములోనికి పోయి ఒక తునుకను త్రుంచెను. మనుమరాలు చూచియు మాటాడలేదు. అవ్వ ఆ తునుకను చేతిలో పట్టుకొని కొంతసేపు కుక్కను చూచుచు కూర్చుండెను. పిదప దానిని మరల పళ్లెములో పెట్టి, “అమ్మాయీ! దాని గ్రుడ్డు ఉడికినదా?” అని అడిగెను. మధ్యాహ్నపు కొలతలోని గ్రుడ్డు ముక్కను ఆమె స్వయముగా చిదిమి దాని నోటికి అందించెను. కుక్క దానిని తిని, ఓళిగ తినినప్పటివలెనే అవ్వ చేతిని నాకెను.

కుక్క తనకేది కావలెనో నోరు విప్పి చెప్పలేదు, ఏది కూడదో తెలిసికొననులేదు. పెట్టినది తినును, పెట్టిన చేతిని నమ్మును. మధుమేహమునకు మందు లభించుటకై పూర్వము ఎన్నియో కుక్కలు ప్రాణములు విడిచినవి. నేడు మానవుడు ఇన్సులిన్ సూదితో బ్రదుకుచున్నాడనిన, ఆ ఋణము కొంత వానిదే. రోగముతో నున్న ఒక కుక్కకు వేళ తప్పక కొలిచిన ముద్ద పెట్టుట ఆ ఋణమును కొంచెమైనను తీర్చుకొనుట. ప్రేమతో పెట్టుట మంచిదే. తెలిసి పెట్టుట అంతకంటె మంచిది.

ప్రశ్నలు

1. కుక్క యెంత తినినను చిక్కిపోవుటకు కారణమేమి?
2. మధుమేహము, కాలేయరోగము కలిసియున్నపుడు పథ్యము ఏల కష్టమగును? వైద్యుడు ఆ కష్టమును ఎట్లు తీర్చెను?
3. టొరొంటోలోని కుక్కలకు ఇన్సులిన్ ఇచ్చినను అవి ఏల చనిపోయెను? వానిని కాపాడిన పదార్థమేది?
4. అనంతపురము వంటి కరవు సీమలో వేరుశెనగకు బూజు పట్టుటకు కారణములేవి? అందువలన కలుగు హాని యేమి?
5. ఉగాదినాడు అవ్వ ఓళిగ తునుకను మరల పళ్లెములో పెట్టుటలో ఆమె స్వభావము ఎట్లు వెల్లడి యగుచున్నది? మీ మాటలలో వ్రాయుడు.